నిద్ర రాని వేళకు ఒక చోటు

పాటుపడినా దక్కనివి కొన్ని ఉంటాయి. వాటిలో నిద్ర ఒకటి. పొలం, చదువు, పరపతి అన్నీ కష్టపడి తెచ్చుకోవచ్చు. నిద్రను మాత్రం రప్పించుకుందామని చూసినకొద్దీ దూరం జరుగుతుంది. బతుకంతా ఒంటి కష్టాన్నే నమ్ముకున్నవాళ్లకు డెబ్బై దాటాక ఈ సంగతి కొత్తగా, కఠినంగా తెలిసొస్తుంది. "నిద్ర పట్టలేదా అమ్మా?" అని అడిగితే మా అమ్మ, "నేను పడుకున్నాన్రా, అది రావాలిగా" అంటుంది.

వయసు మీదపడేకొద్దీ గాఢనిద్ర తగ్గుతుంది, మెదడులోని గడియారం ముందుకు జరుగుతుంది. అందుకే రాత్రి ఎనిమిదింటికే కళ్లు మూతలు పడతాయి, మూడింటికి మెలకువ వచ్చేస్తుంది. కంట్లో శుక్లం ముదిరితే, పగలేదో రాత్రేదో మెదడుకి చెప్పే వెలుతురు కూడా సరిగా అందదు. ఇదంతా వయసు ధర్మం. కానీ "ముసలాళ్లకి నిద్రెందుకులే" అనే మాట తప్పు. 65 దాటినవాళ్లకీ రోజుకి 7, 8 గంటల నిద్ర మంచిదనే నిపుణులు చెబుతున్నారు. బ్రిటన్‌లో దాదాపు 8,000 మంది ప్రభుత్వోద్యోగులను 25 ఏళ్లపాటు గమనించి 2021లో ఒక అధ్యయనం వెలువరించారు. యాభై, అరవై ఏళ్ల వయసులో ఆరు గంటలు, అంతకన్నా తక్కువ పడుకున్నవాళ్లలో తర్వాత మతిమరుపు జబ్బు ఎక్కువగా కనిపించిందని అందులో తేలింది. నిద్ర తక్కువై జబ్బు వచ్చిందా, లోపల మొదలైన జబ్బే ముందుగా నిద్రను చెడగొట్టిందా అన్నది ఇంకా తేల్చాల్సిన విషయమే. అర్ధరాత్రి కళ్లు తెరుచుకుని పడుకున్న పెద్దామెకి ఈ లెక్క చెప్పకూడదని నాకనిపిస్తుంది. ఆ భయంతో వచ్చే కునుకు కూడా రాదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరే ఉంది. గోదావరి పక్క మా ఊళ్లో మూడున్నరకి లేచిన మనిషిని ఎవరూ జాలిగా చూసేవాళ్లు కాదు. గేదెలకి మేత వెయ్యాలి, పాలు పిండాలి, కళ్లాపి చల్లాలి, కవ్వం పట్టాలి. ధనుర్మాసమైతే గుళ్లో తిరుప్పావై సమయానికి స్నానం కూడా అయిపోవాలి. ఇంట్లో ఒకళ్లు పడుకుంటే ఒకళ్లు మేలుకుని ఉండేవారు. ముసలితనంతో వచ్చిన మెలకువ ఆ పనుల్లో కలిసిపోయేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద కునుకు తీస్తే ఎవరూ తప్పు పట్టేవారు కాదు. పగటినిద్ర పెద్దవాళ్లకి తగునని చరక సంహిత కూడా ఒప్పుకుంది.

ఇప్పుడు అమ్మ ఉండేది హైదరాబాద్‌లో, మా ఫ్లాట్‌లో. మెలకువ వచ్చినా లైటు వెయ్యదు. గోడ తడుముకుంటూ బాత్రూముకి వెళ్తుంది. కొళాయి సన్నగా తిప్పి, చప్పుడు కాకుండా బకెట్ అంచున ధార పడేలా మగ్గు వంచుతుంది. కోడలు పొద్దున్నే ఆఫీసుకెళ్లాలి, పిల్లలకి స్కూలు. అందరి నిద్రా కాపాడటానికి తన మెలకువని దాచుకుంటుంది. పెద్దవాళ్లు జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకునేది ఇలాంటి చీకట్లోనే, ఇలాంటి తడి టైల్స్ మీదే.

ఇలాంటి మనిషికి మనకి తెలిసిన మందు అర మాత్ర. నిద్ర కోసం వేసే అల్‌ప్రజోలం చాలా ఇళ్లలో షుగరు మాత్రల పక్కనే ఉంటుంది. ఎవరు రాశారో, ఎన్నాళ్లకి రాశారో అడిగితే ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. పెద్దవాళ్లకి ఇవ్వకుండా ఉండాల్సిన మందుల జాబితాను అమెరికాలో బీర్స్ అనే వైద్యుడు 1991లో మొదలుపెట్టారు. ఈ కోవ మందులు ఇప్పటికీ అందులో ఉన్నాయి. వాటి వల్ల అడుగు తడబడుతుంది, బుద్ధి మందగిస్తుంది, పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. అలవాటయ్యాక ఒక్కసారిగా ఆపెయ్యడమూ ప్రమాదమే. వైద్యుడు చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. అసలు నిద్ర ఎందుకు చెడిందని అడిగే ఓపిక లేక మాత్ర వేయిస్తున్నామని నా బాధ. సాయంత్రం వేసుకునే బీపీ మాత్ర రాత్రి మూత్రానికి లేపుతుండొచ్చు. పగలంతా కాళ్లలో చేరిన నీరు పడుకోగానే ఒంట్లోకి తిరిగి వస్తుండొచ్చు. గురక మధ్యలో ఊపిరి ఆగుతుండొచ్చు. మోకాళ్లు సలుపుతుండొచ్చు. పక్క మంచం మీద మనిషి లేకపోవడం కూడా కారణమే, దానికి ఏ పరీక్షా లేదు. నాన్న పోయాక చాలాకాలం అమ్మ మంచానికి ఒక పక్కనే పడుకునేది.

తిరుమలలో రోజూ రాత్రి ఏకాంతసేవలో స్వామికి తాళ్లపాక వారి లాలి పాడి నిద్రపుచ్చుతారు. నిద్రలోకి వెళ్లేముందు ఎవరో ఒకరు దగ్గరుండాలనే ఎరుక మనకి అంతగా ఉంది. మరి ఇంట్లో ఎనభై ఏళ్ల మనిషి ఎన్నింటికి పడుకుందో మనలో ఎందరికి తెలుసు?

మేం చూపించిన డాక్టరుగారు కొత్త మందేమీ రాయలేదు. మూత్రానికి లేపుతున్న మాత్రని పొద్దుటికి మార్చారు. కాసేపు ఎండలో నడవమన్నారు. మధ్యాహ్నం కునుకు అరగంట దాటొద్దన్నారు. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే దొర్లుతూ ఉండకుండా లేచి వచ్చి కూర్చుని, నిద్రొచ్చాక మళ్లీ వెళ్లి పడుకోమన్నారు. నిద్రలేమి చికిత్సలో ఇది ముఖ్యమైన పద్ధతేనట. ఆ మాట విని అమ్మ ముఖం తేటపడింది. లేవడానికి అనుమతి దొరికినట్టయింది.

నడవలో చిన్న దీపం, బాత్రూములో పట్టుకోవడానికి కడ్డీ పెట్టించాం. వంటింట్లో ఒక కుర్చీ వేశాం. అక్కడ కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంది. తెల్లవారుజామున మూడున్నరంటే డల్లాస్‌లో సాయంత్రం. చెల్లెలు ఆఫీసు నుంచి వచ్చే వేళ. మెలకువగా ఉంటే అమ్మే ఫోన్ చేస్తుంది. ఒక్కోసారి మళ్లీ అయిదింటికి కునుకు పడుతుంది, ఒక్కోసారి పట్టదు. ఆమధ్య మేనల్లుడికి కాలేజీలో సీటొచ్చిన కబురు పొద్దున్నే ఇంటిల్లిపాదికీ అమ్మే చెప్పింది. అప్పటికి మాకెవరికీ తెలీదు.