గరుకు పోవాలి, పట్టు ఉండాలి

జర్మనీలో, తురింగియా అడవుల నడుమ జూల్ అనే ఊరుంది. తరతరాలుగా తుపాకుల పనికి పేరుపడిన ఊరు. ఆయుధాలకు అక్కడ ఒక మ్యూజియం ఉంది, తుపాకుల పని నేర్పే బడి ఉంది. 1986లో ప్రపంచ షూటింగ్ పోటీలు అక్కడే జరిగాయి. జూనియర్ ప్రపంచ కప్పు పోటీలకు మన దేశపు పిల్లలు కూడా ఆ ఊరు వెళ్లి వచ్చారు. అలాంటి ఊళ్లో ఒక ముసలి మేస్త్రీ, ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఉన్నారనుకుందాం.

ఒకరోజు ఒక షూటర్ తన పాయింట్ టూటూ పిస్టల్ పట్టుకుని వచ్చింది. ఆమెది 25 మీటర్ల పిస్టల్ పోటీ. అందులో 60 గుళ్లు కాల్చాలి. మొదటి 30 నిదానంగా, తర్వాతి 30 వేగంగా. వేగం వంతులో చెయ్యి దించి నిలబడాలి. లక్ష్యం మూడు సెకన్లు కనిపిస్తుంది. ఆ మూడు సెకన్లలోనే చెయ్యి ఎత్తి, గురి చూసి, ఒక్క గుండు వదలాలి. ఏడు సెకన్ల తర్వాత మళ్లీ మూడు సెకన్లు.

"ట్రిగ్గర్ చాలా బరువుగా ఉందండీ. నొక్కుతుంటే ఆగి ఆగి కదులుతోంది. ఎప్పుడు పేలుతుందో తెలియక చెయ్యి అదురుతోంది" అంది.

మేస్త్రీ తూచి చూశాడు. 1,300 గ్రాములు. ఆ పోటీకి ట్రిగ్గర్ బరువు కనీసం 1,000 గ్రాములుండాలని నియమం. "తగ్గించడానికి చోటుంది. విప్పి శుభ్రం చేసి పెట్టు. నేను వచ్చాక చూద్దాం" అని కుర్రాడికి చెప్పి, పని మీద పొరుగూరు వెళ్లాడు.

కుర్రాడు తెలివైనవాడు. మేస్త్రీ వచ్చేలోగా పని ముగించి మెప్పు పొందాలనుకున్నాడు. ముందు, ఫైరింగ్ పిన్నును కొట్టి తూటా పేల్చే హ్యామర్ స్ప్రింగ్ మీద చెయ్యి వేశాడు. దాన్ని బలహీనం చేస్తే ట్రిగ్గర్ తేలికైంది. కానీ కాల్చి చూస్తే పది తూటాల్లో రెండు మూడు పేలలేదు. ఈ రకం తూటాకు మంట పుట్టించే మందు అడుగున చుట్టూ ఉండే అంచు లోపలే ఉంటుంది. ఫైరింగ్ పిన్ను ఆ అంచును గట్టిగా నొక్కి చితక్కొట్టాలి. దెబ్బ చాలకపోతే తూటా మూగబోతుంది. కుర్రాడు పాత స్ప్రింగ్ తిరిగి పెట్టేశాడు.

తర్వాత సియర్ మీద పడింది అతని చూపు. వెనక్కి లాగిన హ్యామర్‌ను పడిపోకుండా ఆపి ఉంచే చిన్న ఉక్కు ముక్క అది. దాని అంచు హ్యామర్ గంటులో ఆనుకుని ఉంటుంది. ఆ ఆనిక మిల్లీమీటరులో సగం కూడా ఉండకపోవచ్చు. వేలు ట్రిగ్గర్ నొక్కితే ఆ అంచు జారుతుంది, హ్యామర్ పడుతుంది. ఆనిక తగ్గితే జారడం సులువవుతుందని కుర్రాడు లెక్క వేశాడు. సానరాయి తీసుకుని అంచు అరగదీశాడు. ట్రిగ్గర్ గాజు విరిగినంత స్ఫుటంగా పలికింది. తూచాడు, 1,020 గ్రాములు. నియమం లోపలే ఉంది. షూటర్ ప్రయత్నించి చూసి పొంగిపోయింది. డబ్బిచ్చి పిస్టల్ పట్టుకెళ్లింది. మేస్త్రీ వచ్చాక కుర్రాడు తూకం సంగతి మాత్రం చెప్పాడు. ఎలా తగ్గించాడో చెప్పలేదు.

కొన్ని వారాలు అంతా బాగానే సాగింది. ఒకరోజు సాధనలో ఆమె ఒక్కసారి నొక్కితే రెండు గుళ్లు పేలాయి. రెండోది లక్ష్యం మీదుగా పోయి వెనక గోడలో దిగింది. గొట్టం ఎటూ తిప్పకుండా ఆమె పిస్టల్ కింద పెట్టింది కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. రేంజ్ అధికారి ఆ పిస్టల్‌తో ఇక కాల్చవద్దన్నాడు.

పిస్టల్ తిరిగి మేస్త్రీ బల్ల మీదికి వచ్చింది. తూటా లేదని రెండుసార్లు చూసుకుని, విప్పి, సియర్‌ను భూతద్దం కింద పెట్టాడు. అంచు గుండ్రమై, రేగిపోయి ఉంది. గొట్టం నిటారుగా నిలిపి, ట్రిగ్గర్‌కు 1,000 గ్రాముల తూకం తగిలించి పైకెత్తాడు. తూకం బల్ల మీద నుంచి లేవకముందే హ్యామర్ పడిపోయింది.

"ఏం తీశావు దీంట్లో?" అని అడిగాడు.

"బరువు తీశానండీ."

"నువ్వు తీసింది పట్టు. బరువు దానితోపాటు పోయింది. ఇలాంటి ముక్కలకు గట్టిదనం ఒక్కోసారి పలుచని పైపొరలోనే ఉంటుంది. నీ రాయి ఆ పొర దాటింది. లోపలి మెత్తని ఉక్కు కొన్నాళ్లు ఆగి అరిగిపోయింది. కాల్చినప్పుడు స్లయిడ్ వెనక్కి పోయి తిరిగి కొట్టుకుంటుంది చూడు, ఆ అదురుకే హ్యామర్ జారింది. నువ్వు తూచిన రోజు తూకం సరిపోయింది. మర్నాటి సంగతి తూకానికి తెలియదు."

కుర్రాడు తల దించుకున్నాడు. "మళ్లీ సరిచేయొచ్చాండీ?"

"అరగదీసిన ఉక్కును మళ్లీ అతికించలేం. కొత్త సియర్, కొత్త హ్యామర్ వేయాల్సిందే. కూర్చో, పని చూడు."

మేస్త్రీ మొదట పాత నూనె కడిగాడు. ఏళ్ల తరబడి పేరుకుని జిగురుగా మారిన నూనె అది. కొత్త ముక్కలు అమర్చి, కదిలే భాగాల పక్కలకు సిరా పూసి, బిగించి, నాలుగైదు సార్లు ట్రిగ్గర్ నొక్కాడు. అలా నొక్కేటప్పుడు పిస్టల్‌లో తూటా కూర్చునే గదిలో, కాల్చేసిన తూటా ఖాళీ తొడుగు ఒకటి పెట్టాడు. ఖాళీగా కొడితే పిన్ను గది అంచునే కొట్టి నొక్కేస్తుందని చెప్పాడు. మళ్లీ విప్పి చూపించాడు. సిరా చెరిగిన ప్రతిచోటా ఇనుము ఇనుమును ఒరుసుకుంటోంది. ట్రిగ్గర్ నుంచి సియర్ దాకా పోయే కడ్డీ ఒక పక్క గీరుకుంటోంది. ఒక పిన్ను గరుకుగా ఉంది. సియర్ పక్కన, కోసినప్పుడు మిగిలిన చిన్న ముల్లు ఒకటి ఉంది. సన్నని రాయితో వాటినే నునుపు చేశాడు. హ్యామర్‌ను పట్టుకునే అంచు జోలికి మాత్రం పోలేదు. గుండు పేలాక ట్రిగ్గర్ ఇంకా వెనక్కి పోకుండా ఆపే స్క్రూ సర్దాడు. అసలు స్ప్రింగ్ అలాగే ఉంచాడు. తూచాడు, 1,100 గ్రాములు.

షూటర్ వచ్చి నొక్కి చూసింది. "ఇది అంతకుముందుకంటే తేలిగ్గా ఉందండీ! ఎంతకు దించారు?"

"మా వాడు దించినదానికంటే 80 గ్రాములు ఎక్కువే ఉందమ్మా. మీ వేలికి మొదట బరువనిపించింది దారిలో ఉన్న గరుకు. ఆ గరుకు పోయింది. వేలు ఇప్పుడు ఎక్కడా ఆగడం లేదు."

నీతి: బరువనిపించిన చోట ముందు గరుకు వెతకాలి. పట్టునిచ్చే అంచును ముట్టుకోకూడదు.

ఇది తుపాకుల పనికి మాత్రమే చెల్లే మాట కాదు. రైతు దరఖాస్తు నాలుగు బల్లల మీద నెలల తరబడి ఆగితే, ఆ ఆగడం గరుకు. భూమి ఎవరిదో సరిచూడటం పట్టు. ఆలస్యం పోగొడతామంటూ సరిచూడటమే ఎత్తేస్తే, మొదటి రోజు అందరికీ హాయిగానే ఉంటుంది. తర్వాత పొలం ఒకరిది, పట్టా మరొకరిది అవుతుంది. పిల్లవాడికి చదువు బరువైతే, తిట్టు, పోలిక, భయం గరుకు. రోజూ కూర్చుని చదివే అలవాటు పట్టు. తిట్టు మానాలి, అలవాటు నిలపాలి. ఎడ్లబండి బరువుగా నడుస్తుంటే ఇరుసుకు కందెన వేస్తాం, చక్రం ఊడకుండా ఆపే కడచీల పీకం.

నియమం బరువు కూడా మనిషికి అడ్డం కాదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో రజతం గెలిచింది. ఆ పోటీలో నిలబడిన వారందరి ట్రిగ్గర్లకూ అదే 1,000 గ్రాముల నియమం. పతకం ఆ బరువుతోనే వచ్చింది.

పట్టు తీసేవాడికి ఫలితం ఆ రోజే కనిపిస్తుంది, నష్టం ఆలస్యంగా వస్తుంది. అందుకే ఆ దారి అంత సులువుగా మోసం చేస్తుంది. ఇంట్లోగాని, బడిలోగాని, కచేరీలోగాని దేన్నయినా తేలిక చేయబోయే ముందు, నేను తీసేది గరుకునా, పట్టునా అని ఒక్కసారి అడగండి. జవాబు తేలేదాకా సానరాయి చేతపట్టకండి.