అంగీకారానికి ముందు

ఉద్యోగం లభించడం వేరు, దానిని అంగీకరించడం వేరు. మొదటిది ఇతరుల నిర్ణయం; రెండవది మనది. కాని మన ఇండ్లలో నియామకపు ఉత్తరం అందిన క్షణాననే ఈ రెండూ ఒకటైపోతాయి. ఉత్తరాన్ని దేవుని పటం ముందుంచి, ఇరుగుపొరుగులకు మిఠాయి పంచిన తరువాత ‘ఇది స్వీకరింపదగినదేనా?’ అని ప్రశ్నించేవానిని అవివేకి అంటారు. ఈ విషయంలో తెలుగు భాష మనకంటె వివేకం గలది. కొలుచుట అంటే సేవించుట. కొలుచుట అంటే పరిమాణం తెలిసికొనుట. రెండింటికీ ఒక్క మాటే చాలినది. కొలిచిన పిమ్మటనే కొలువులో చేరవలెనని ఆ మాట హెచ్చరిస్తున్నట్లు తోస్తుంది. అయితే, కొలవవలసినది దేనిని?

ఈ ప్రశ్నను పరిశీలించుటకు ఖరగ్‌పూరు తగిన స్థలం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ 20వ శతాబ్ది తొలినాళ్లలో ఇచ్చట పెద్ద కార్ఖానాను నడపసాగినది. ఆ రైలుదారి వెంటనే శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్టణం సీమల నుండి తెలుగువారు వచ్చి స్థిరపడినారు. వారు కొలిచినవి స్పష్టమే: నెలనెలా చేతికందే జీతం, అదృష్టముంటే రైల్వే క్వార్టరు, వానరాకతో నిమిత్తం లేని బ్రతుకు. మెట్టపొలాన్ని నమ్ముకొని ఆకాశం వంక చూచిన కుటుంబానికి ఇవి స్వల్ప విషయాలు కావు.

కాని ఈ కొలతలు ఎంతవరకు నిలిచినవి? ఉద్యోగం శాశ్వతమని నమ్మినారు. 1927లో పనివారిని తగ్గింపబూనిన కంపెనీ నిర్ణయంతో ఆ నమ్మకం చలించినది. ఆ సంవత్సరం ఖరగ్‌పూరు కార్ఖానా సమ్మెలతో అట్టుడికినది. ఆ రైల్వే కార్మికులకు నాయకత్వం వహించినవారిలో, 1969లో భారత రాష్ట్రపతియైన వరాహగిరి వెంకటగిరి ఒకరు. క్వార్టరు తమదనుకొన్నారు, అది ఉద్యోగానిది, పదవీ విరమణ నాడు దానిని విడిచిపోవలసినదే. తమ బ్రతుకు కొరకే సమ్మతి తెలిపినామనుకొన్నారు; ఆ సమ్మతి మనుమల భాషను కూడ కట్టివేసినది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు రాష్ట్ర అధికార భాషలలో స్థానం కల్పింప నిర్ణయించినది. తాతల అంగీకారంతో మొదలైన లెక్క నూరేండ్లు గడచినా ముగియలేదన్నమాట!

భవిష్యత్తు ఎవరికీ తెలియదు గనుక కొలవడమే వ్యర్థమని కొందరు, ఫలితాన్ని బట్టి నిర్ణయాన్ని ఎంచవచ్చునని మరికొందరు అంటారు. మహేంద్రసింగ్ ధోనీ 2001లో ఇచ్చట టిక్కెట్లు తనిఖీచేసే ఉద్యోగంలో చేరి, కొంతకాలానికి దానిని విడిచినాడు; 2011లో ప్రపంచ కప్పు గెలిచిన జట్టుకు నాయకుడైనాడు. ఆ విడిచిపెట్టుట వివేకమని నేడు అందరూ పొగడుతారు. అతని ఆట ఫలించకపోయి ఉంటే, ఆ పనినే అవివేకమని అదే నోటితో నిందించి ఉండేవారు. ఫలితం నిర్ణయానికి తరువాత వచ్చేది. తరువాత వచ్చేదానితో ముందున్నదానిని కొలవలేము.

మరి ముందుగా తెలియదగినది ఏదీ లేదా? ఒకటున్నది: మన చేత చేయింపబోయే పని. ఖరగ్‌పూరుకు చేరువనే ఉన్న హిజ్లీ నిర్బంధ శిబిరంలో 1931 సెప్టెంబరు 16న కావలివారు నిరాయుధులైన రాజకీయ ఖైదీలపై కాల్పులు జరిపినారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా మరణించినారు. తుపాకి పట్టినవారు కూడ ఒకనాడు ఉద్యోగం దొరికినదని సంతోషించినవారే కావచ్చును. ఆజ్ఞ ఇతరులదని వారు చెప్పుకొనవచ్చును. కాని మీట నొక్కిన వేలు ఎవరిది? జీతం ఖర్చయిపోతుంది; చేసిన పని మిగిలిపోతుంది. 1951లో ఆ భవనంలోనే ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ప్రారంభమైనది. అచ్చటి పట్టభద్రులను తమ సంస్థలలో చేర్చుకొనుటకు ఎందరెందరో వస్తారు. జీతమెంత అని అడిగిన యువకుడు, ‘నా తెలివి ఎవరికి మేలు చేయును? ఎవరికి కీడు చేయును? కాదనవలసిన దినం వస్తే కాదనుటకు నాకు చోటున్నదా?’ అని కూడ అడుగవలె. మొదటి ప్రశ్నకు జవాబు కాగితం మీదనే ఉంటుంది. మిగిలినవాటిని అక్కడ పనిచేసి వచ్చినవారిని విచారించి తెలిసికొనవలసి ఉంటుంది.

ఆకలిగొన్నవానికి ఇన్ని ప్రశ్నలా అని ఆక్షేపింపవచ్చును. ఆక్షేపణ న్యాయమైనదే. కడుపు నిండినవాడు ఇతరుల ఉద్యోగాన్ని నిరాకరింపుమని బోధించుట సులభం. ఇంట పొయ్యి వెలుగవలసినవాడు ఇష్టం లేని పనిని స్వీకరించినంత మాత్రాన దోషి కాడు. నిరాకరణకు కూడ మూల్యమున్నది. దానిని తరచుగా భార్యాబిడ్డలే చెల్లిస్తారు. కాని అవసరం మనకు అంగీకరించే హక్కునిస్తుందే గాని, కన్నులు మూసికొనే హక్కునివ్వదు. తెలిసి చేరినవాడు తాను దాటరాని గీత ఎక్కడున్నదో ముందే గుర్తుంచుకొంటాడు. తెలియక చేరినవానికి ఆ గీత దాటిన తరువాత గాని కనబడదు. అప్పటికి పిల్లల చదువు, తీర్చవలసిన అప్పు, అలవాటైన సుఖం అతని కాళ్లను పట్టుకొని ఉంటాయి.

కొలుచుట కేవలం స్వార్థమని ఎంచరాదు. ఉద్యోగమిచ్చేవాని పట్ల కూడ అది న్యాయమే. ఆలోచింపక ‘సరే’ అన్నవాని మాట ఎంతకాలం నిలుచునో అతనికే తెలియదు. ఉత్తరం వచ్చిన నాడు మిఠాయి పంచవచ్చును, తప్పులేదు. సంతకానికి మాత్రం ఒకటి రెండు దినాలు గడువడిగి, ఆ పనిని తెలిసినవారి నుండి విని, ఇంటివారితో కలిసి కూర్చొని ఆలోచించుట మేలు.