మస్టరులో లేని పేర్లు

సియెర్రా నెవాడా కొండల మీద, డానర్ కనుమ దగ్గర, పాత సొరంగం నోటి ముందు నిలబడి మా పెదనాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అరకు వెళ్లే కె.కె. లైనులో, బొర్రా గుహల వైపు, ముప్ఫయ్యేళ్లు రైలు పట్టాల గ్యాంగులో పనిచేసి మేటుగా రిటైరైన మనిషి. కొడుకుని చూడ్డానికి శాక్రమెంటో వచ్చాడు. గోల్డెన్ గేట్ చూపిస్తానంటే వద్దన్నాడు. రైలు కొండెక్కిన చోటు చూపించమన్నాడు.

గోడకి అరచెయ్యి ఆనించి అడిగాడు: "గ్రానైటు. ఎన్నాళ్లు తొలిచారమ్మా దీన్ని?"

"1866లో పని ఊపందుకుంది, 1867 ఆఖరికి పూర్తయింది. 1,659 అడుగులు. రెండు కొసల నుంచీ తొలుస్తూ, నడిమధ్యలో కొండ పైనుంచి బావిలా దిగి, అక్కడి నుంచి మళ్లీ అటూ ఇటూ తవ్వారు. నాలుగు చోట్ల పని జరుగుతున్నా, ఒక్కోచోట రోజుకి ఒక అడుగు నడిస్తే గొప్ప. తర్వాత నైట్రోగ్లిసరిన్ ఇక్కడే తయారుచేసి పేల్చారు."

"అటూ ఇటూ కలిసినప్పుడు తేడా ఎంతొచ్చింది?"

"రెండు అంగుళాల లోపే."

పెదనాన్న నావైపు తిరిగాడు. "లెక్క ఇంజనీరుదే అనుకో. ఆ లెక్క తప్పకుండా రాతిలో నడిపించినవాళ్లు ఎవరు?"

చెప్పాను. చైనా దక్షిణాన గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలోని పల్లెల నుంచి వచ్చినవాళ్లు. అక్కడ యుద్ధాలు, కరువు. ఇక్కడ బంగారం దొరికిందని విని, ఈ దేశానికి 'బంగారు కొండ' అని పేరు పెట్టుకుని ఓడలెక్కారు. వచ్చాక గనుల్లో విదేశీయుల మీద వేసిన పన్ను ఎక్కువగా వాళ్ల దగ్గరే వసూలు చేశారు. 1854లో కాలిఫోర్నియా కోర్టు, తెల్లవాడి మీద చైనావాడి సాక్ష్యం చెల్లదంది. అంటే కళ్లముందు తమ్ముణ్ణి చంపినా కోర్టులో నోరు విప్పే వీలు లేదు. ఆ మనుషుల్నే, కూలీలు నిలవక, ఖండాన్ని దాటే ఈ రైల్వే పని సాగనప్పుడు, సెంట్రల్ పసిఫిక్ కంపెనీ పిలిచింది. ముందు యాభై మందిని పెట్టి చూశారు. చివరికి పనివాళ్లలో పదింట తొమ్మిది మంది వాళ్లే అయ్యారు. నెలకి 30 నుంచి 35 డాలర్లు. తెల్లవాళ్లకి జీతం కాక తిండి, బస కంపెనీవి. వీళ్ల తిండి ఖర్చు వీళ్లదే. 1866-67 చలికాలంలో మంచు కింద సొరంగాలు చేసుకుని అందులోంచే పనికి వెళ్లొచ్చారు. మంచు చరియలు విరిగిపడి గుడిసెలకు గుడిసెలే కొట్టుకుపోయాయి. కొందరి శవాలు వేసవిలో మంచు కరిగాక కనిపించాయి.

"వాళ్ల కష్టం తలుచుకుంటే..." అంటుండగా పెదనాన్న చెయ్యెత్తి ఆపాడు.

"కష్టం తర్వాత చెబుదువుగాని. పని చెప్పు. పన్నెండు మంది ఉన్నా, ఇరవై మంది ఉన్నా గ్యాంగన్నాక ఒక పద్ధతి ఉంటుంది. ఎలా నడిపేవారు?"

"ఒక్కో గ్యాంగుకి ఒక పెద్ద, ఒక వంటమనిషి. అన్నం, ఎండు చేపలు, కూరగాయలు. నీళ్లు మరిగించి టీ కాచుకునేవారు. అందుకే మిగతా గ్యాంగుల కంటే వీళ్లలో రోగాలు తక్కువ."

ఆయన ముఖం వెలిగింది. "అదీ! గ్యాంగంటే అది. నువ్వు మంచు, శవాలు అంటుంటే నా కళ్లకి పడిపోతున్న మనుషులే కనిపించారు. ఇప్పుడు నిలబడి పనిచేస్తున్నవాళ్లు కనిపిస్తున్నారు. చచ్చినవాణ్ణి జాలితో తలుచుకుంటే వాడి చేతిలో పని మనకి ఆనదమ్మా."

ఈ మాట నాకు నచ్చింది, కానీ ఒప్పుకోలేకపోయాను. "పెదనాన్నా, పని మెచ్చుకోవడం ఆ యజమానులకీ వచ్చు. కంపెనీ నలుగురు పెద్దల్లో ఒకరు లీలాండ్ స్టాన్‌ఫర్డ్. 1862లో గవర్నరుగా చైనావాళ్ల వలస ఆపాలన్నాడు. పని మొదలయ్యాక వాళ్లు నెమ్మదస్తులు, ఓర్పున్న పనివాళ్లు అని మెచ్చుకున్నాడు. మన పిల్లలు సీటు కోసం కలలుగనే యూనివర్సిటీ ఆయన సొత్తుతో పెట్టిందే. మెచ్చుకున్నవాళ్లు ఏం చేశారు? 1867 జూన్‌లో ఈ కొండల మీదే వేల మంది పని ఆపారు. నలభై డాలర్ల జీతం, పనిగంటలు తగ్గించడం, సొరంగంలో అయితే ఎనిమిది గంటలే, ఇవీ వాళ్లు అడిగింది. గొడవ లేదు, తగువు లేదు. కంపెనీలో మరో పెద్ద, చార్లెస్ క్రాకర్, వాళ్లకి బియ్యం, సరుకులు రాకుండా చేశాడు. వారానికి సమ్మె విరిగింది. ఉత్త మెచ్చుకోలు అక్కడితో ఆగుతుంది. 1882లో ఏకంగా చైనా కూలీలు ఈ దేశానికి రాకూడదని చట్టమే చేశారు. అది 1943 దాకా పోలేదు."

"తిండి ఆపాడా?" ఆయనకి చట్టం కంటే ఆ మాటే ఎక్కువ తగిలింది. "అయితే సమ్మె చేసినవాళ్ల పేర్లుంటాయి కదా. హాజరు వేసే మస్టరులో ఉండాలి."

"మస్టరే లేదు పెదనాన్నా. గ్యాంగు పెద్ద పేరు రాసి, డబ్బంతా అతని చేతికిచ్చేవారు. కింద ఎవరున్నారో కంపెనీ అడగలేదు. 1869 ఏప్రిల్ 28న ఒక్కరోజులో పది మైళ్ల పట్టాలు వేశారు. పట్టాలు మోసిన ఎనిమిది మంది ఐరిష్‌వాళ్ల పేర్లు ఈరోజుకీ ఉన్నాయి. ఆరోజు పనిచేసిన చైనావాళ్ల పేర్లు లేవు. 1969లో ఈ రైల్వేకి నూరేళ్ల పండగ చేసి, ఇంత మంచులో సొరంగాలు తొలవడం అమెరికన్లకి కాక ఇంకెవరికి చేతనవునన్నట్టు కేంద్రమంత్రి ప్రసంగించారు. తొలిచినవాళ్లకి ఆ కాలంలో పౌరసత్వం దొరికే దారే లేదు. పరిశోధకులు ఏళ్లతరబడి వెతికినా ఆ కూలీలు రాసిన ఉత్తరం ఒక్కటీ దొరకలేదు."

పెదనాన్న సొరంగం కింద ఉన్న కట్టడం వైపు నడిచాడు. దాన్ని చైనా గోడ అంటారు. సున్నం లేదు, సిమెంటు లేదు, రాయి మీద రాయి పేర్చి లోయ పూడ్చారు. నూట పాతికేళ్లు దాని మీద రైళ్లు నడిచాయి. ఇప్పుడు పట్టాలు తీసేశారు, గోడ మాత్రం కదల్లేదు.

"పోయినవాళ్లని ఏం చేశారు?" అని అడిగాడు.

"ఇక్కడ పూడ్చేవారు. కొన్నేళ్లకి తవ్వి, ఎముకలు కడిగి, పెట్టెల్లో పెట్టి ఓడలో సొంత ఊరికి పంపేవారు. వాళ్ల సంఘాలే ఆ ఏర్పాటు చూసుకునేవి."

"మనం అస్థికలు గోదారికి తీసుకెళ్లినట్టు." కాసేపాగి, "అయితే పేర్లు లేవంటావేం? పేరు తెలియకుండా పెట్టె ఏ ఊరికి పంపుతారు? పేర్లున్నాయి. కంపెనీ పుస్తకంలో లేవంతే."

నాకు నోట మాట రాలేదు. ఇన్నేళ్లుగా వాళ్లని 'అనామకులు' అనే రాస్తున్నాను, గౌరవమనుకుని. అడగనివాడి తప్పుని ఆ పదంతో వాళ్ల నెత్తిన నేనే రుద్దుతున్నానన్నమాట. ఏ పల్లెలోనో ఒక తల్లికి ఆ కొడుకు అనామకుడు కాదు.

ఒక్క పేరు మాత్రం నాకు తెలుసు. సొరంగం కూలీ కాదు, శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వంటవాడు, వాంగ్ కిమ్ ఆర్క్. చైనా వెళ్లి తిరిగొస్తే నువ్వు ఈ దేశంవాడివి కావని ఓడలోనే ఆపేశారు. కోర్టుకెక్కాడు. ఇక్కడ పుట్టినవాడు ఇక్కడి పౌరుడేనని 1898లో సుప్రీంకోర్టు చెప్పింది. నేను హెచ్1బి వీసా మీద ఉండగా పుట్టిన నా కూతురికి అమెరికా పాస్‌పోర్టు వచ్చింది ఆయన గెలిచిన ఆ కేసు వల్ల. మా తెలుగు సంఘాల పండగల్లో ఎందరికో సన్మానాలు చేస్తాం, ఆయన పేరు నేనెప్పుడూ వినలేదు. ఇది చెబితే పెదనాన్న ఆ పేరుని రెండుసార్లు పలికించుకుని నేర్చుకున్నాడు.

కొండ దిగుతుంటే కారులో తన గ్యాంగు పేర్లు చెప్పడం మొదలెట్టాడు. మస్టరు వరసలో, ఇంటిపేర్లతో సహా, పొద్దున్నే పిలిచినట్టు. పద్నాలుగు మంది అయ్యారు. తర్వాత ఆగాడు.

"ఇంకొకతను ఉండేవాడమ్మా. వానాకాలంలో, కొండచరియలు పడే రోజుల్లో, పై గూడెం నుంచి పనికొచ్చేవాడు. రాయి కదలబోతోందని అందరికంటే ముందు కనిపెట్టేవాడు. ఒకసారి నన్ను చొక్కా పట్టుకుని వెనక్కి లాగాడు. లేకపోతే ఈరోజు ఇక్కడ లేను." కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు. "పేరు రావట్లేదు."

రెండు మలుపులు తిరిగాక, "ఇప్పుడు ఎస్.కోటలో టైమెంత?" అన్నాడు.

"తెల్లవారుజాము మూడు."

"మా గ్యాంగు కీమన్‌కి తెలుస్తుంది. నిద్ర లేపుతాను. కారాపి ఫోన్ కలుపు."