భస్మమున మొలచిన పచ్చదనము

సర్వము నశించినదని మానవుడు తలచినపుడు భగవద్రక్షణ ఏ రూపమున నుండును? ప్రళయజలములలో తిరుగాడిన మార్కండేయ మహర్షికి మఱ్ఱియాకుపై పవళించిన శిశువు కానవచ్చెను. లోకములన్నియు ఆ శిశువు ఉదరమున భద్రముగ నుండెను. పెనునాశమునందును సృష్టిబీజము స్వామి యందు దాగియుండునని ఈ గాథ తెలుపుచున్నది.

దీనిని తలపింపజేయు ప్రదేశమొకటి అమెరికా దేశమున కలదు. వాషింగ్టన్ రాష్ట్రమందలి సెయింట్ హెలెన్స్ అగ్నిపర్వతము 1980 మే 18వ తేదీ ఉదయమున బ్రద్దలయ్యెను. 57 మంది అసువులు బాసిరి. శిఖరము సుమారు 400 మీటర్లు తగ్గిపోయెను. దాదాపు 600 చదరపు కిలోమీటర్ల అడవి ధ్వంసమయ్యెను. మహావృక్షములు గడ్డిపరకలవలె నేలకొరిగెను.

అయినను అంతయు నశింపలేదు. కొన్నిచోట్ల ఇంకను కరగని మంచు మరుగున చిన్న మొక్కలు బ్రదికెను. కలుగులలో నివసించు గోఫర్ అను చిన్న జంతువులు కొన్ని మిగిలి, అడుగుననున్న పాత మట్టిని త్రవ్వి బూడిదపైకి తెచ్చెను. ఆ మట్టిలో విత్తనములు మొలచెను.

కొలది యేండ్లలోనే బూడిదరాతి మైదానమున లూపిన్ అను నీలిపూల మొక్క పొడసూపెను. ఇది కంది, పెసరల కుటుంబమునకు చెందినది. దీని వేరుబొడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి మొక్కకు అందించును. దీని ఆయువు స్వల్పము. అది యెండి కుళ్ళినచోట నేల సారవంతమై ఇతర మొక్కలకు తావయ్యెను. మన రైతులు జనుము, పిల్లిపెసర చల్లి పొలమునందే కలియదున్నుట ఇట్టిదే కదా! 1982లో అచ్చటి ప్రభుత్వము ఆ ప్రాంతమును రక్షితప్రదేశముగ ప్రకటించి, ప్రకృతి తనంత తాను కోలుకొనుటకు విడిచెను. పూర్వపు మహారణ్యము మాత్రము ఇంకను రాలేదు. దానికి శతాబ్దములు పట్టును.

భక్తులు దీనిని చక్కగ యోచింపవలెను. పుత్రశోకమున మునిగిన తల్లితో “అంతయు మంచికే” యని పలుకుట తగదు. కూలిన వృక్షము లేవదు; పోయినవారు తిరిగి రారు. శరణాగతుని కన్నులును చెమర్చును. అయినను అతడు మహావిశ్వాసముతో తన భారమును స్వామియందుంచి, చేతనైన కైంకర్యమును విడువడు. తులసికి చెంబెడు నీరు, సంధ్యవేళ దీపము, ఆకలిగొన్నవానికి పిడికెడన్నము - శోకగృహమున తొలిమొలకలు ఇవియే. ఆ యింటికి పోవు బంధువులు వేదాంతము చెప్పుటకు ముందు అచ్చటి పొయ్యి వెలిగింపవలెను. పిమ్మట ఓరిమితో వేచియుండవలెను.

బూడిదలో సైతము పచ్చదనమును మొలిపించు శ్రీమన్నారాయణుడు ఆర్తులనెల్లర కాపాడుగాక!