నష్టం ఎవరి వాటా?

ఇంట్లో కూర తక్కువైన రోజున ఎవరి కంచంలో తగ్గుతుందో మన ఆడవాళ్ళకు వేరే చెప్పాలా? వడ్డించే మనిషి కంచంలోనే! ఎవరూ నిర్ణయించరు, ఎవరూ అడగరు. అలా జరిగిపోతుందంతే.

మొన్న మదనపల్లె టమోటా మార్కెట్టులో నిలబడితే నాకీ సంగతే గుర్తొచ్చింది. మా పిన్నికూతురి భర్త సరుకు తెస్తుంటే, చూద్దామని నేనూ వెంట వెళ్ళాను. బాక్సుల చుట్టూ వ్యాపారులు మూగారు. వేలంపాట ఇట్టే ముగిసింది. నారు నాటి, కట్టెలు పాతి, మందులు కొట్టి నెలల తరబడి పెంచిన మా మరిది మాత్రం నోరు మెదపలేదు.

“నీ సరుక్కి ధర నువ్వు చెప్పవా?” అన్నాను.

“మనం చెప్పేదేముంది వదినా, వాళ్ళు పాడిందే ధర” అని నవ్వాడు.

2023 జూలైలో ఇక్కడే కిలో రెండువందలకు దగ్గరగా పలికింది. మనమంతా టమోటా మానేసి చింతపండు చారుతో సరిపెట్టుకున్నాం, జ్ఞాపకముందా? రెండు నెలలు తిరిగేసరికి ధర కుప్పకూలింది. కోతకూలి కూడా గిట్టక పంటను రోడ్డు పక్కన పారబోయడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు.

పెట్టుబడి పెట్టేవాడు నష్టానికి తెగిస్తాడు గనుక లాభం అతనికి న్యాయమని కాలేజీలో చదువుకున్నాను. బాగానే ఉందనిపించింది. మరి ఇక్కడ నష్టానికి తెగించిందెవరు? వాన కురవకపోతే రైతుకే నష్టం, కురిస్తే రైతుకే నష్టం. మధ్యవారి కమీషను హెచ్చో తగ్గో వస్తూనే ఉంటుంది. వ్యాపారులను దొంగలనడం లేదు. వాళ్ళు లేకపోతే ఈ పంట పొరుగు రాష్ట్రాలకు చేరదు. కానీ లాభం పైకి, నష్టం కిందికి పారే పద్ధతిని న్యాయమని ఎలా అనుకోను?

తిరుగు ప్రయాణంలో పుంగనూరులో మా పెద్దమ్మ దగ్గర ఆగి ఈ మాటే అన్నాను. అందరూ కలిసి సొంతం చేసుకుంటే బాగుంటుంది కదా అన్నాను. ఆవిడ పెదవి విరిచింది.

“ఉమ్మడి గొడ్డు పుచ్చి చస్తుందే అమ్మాయ్! మన చిత్తూరు డైరీ ఏమైందో చూడలా?”

నిజమే. చిత్తూరు సహకార డైరీ 2002లో మూతపడింది. ఎవరి తప్పన్న వాదులాట ఇప్పటికీ వినిపిస్తుంది. కానీ అదే 2002లో తెలంగాణలోని ముల్కనూరులో ఆడవాళ్ళు తమదే అయిన పాల డైరీ మొదలుపెట్టారు. సభ్యులూ వాళ్ళే, పాలకవర్గమూ వాళ్ళే. మిగులు వస్తే పోసిన పాలను బట్టి పంచుకుంటారు. అది నేటికీ నడుస్తోంది. ఉమ్మడి గొడ్డు పుచ్చేది ఉమ్మడి అయినందుకా, దాని పుండును ఎవరూ రోజూ చూడనందుకా? పెద్దమ్మ జవాబు చెప్పలేదు గానీ, కాఫీలో ఇంకో చెంచా చక్కెర వేసింది.

కుప్పం చేరాక, మా వీధి పొదుపు సంఘం సమావేశానికి వెళ్ళి కూర్చున్నాను. వేలిముద్ర వేసే ఒకావిడ లేచి, “పోయిన నెల వడ్డీలో ఇరవై రూపాయలు తేడా వచ్చిందే, ఏమైంది?” అని నిలదీసింది. పుస్తకం మళ్ళీ తెరిచారు. లెక్క సరిపోయేదాకా ఎవరూ కదల్లేదు.

సమానత్వమనగానే ఏదో పెద్ద విప్లవం ఊహించుకుంటాం. నాకు మాత్రం ఆవిడే కనిపిస్తుంది. లాభంలో వాటా, నష్టంలోనూ వాటా, లెక్క అడిగే హక్కు – ఈ మూడూ పనిచేసేవాళ్ళకు దక్కితే చాలు. గోడమీది క్యాలెండరులో పాలవాడి లెక్క చుక్క పోకుండా రాసుకునే మనకు అంత కష్టమైన విద్యా ఇది?

మొదటి లెక్క మాత్రం ఇంట్లోనే అడగాలి. ఈసారి కూర తక్కువైతే, అందరి కంచాల్లోనూ తలా కాస్త తగ్గించి చూడండి.