తలిదండ్రుల ఆశ - దేవుడిచ్చిన వరము

మన యిండ్లలో బిడ్డ బడికి పోవకముందే వాని బ్రతుకునకు పెద్దలు దారి గీయుదురు. ఒకడు డాక్టరు కావలెను, ఒకతె టీచరు కావలెను. తాము పడిన పాట్లు బిడ్డలు పడరాదని రెక్కలు ముక్కలు చేసికొను తలిదండ్రుల ఆశను మనము తప్పుపట్టలేము. అయితే ఆ ఆశకు సరిపడని బిడ్డ తాను దేనికిని పనికిరానని లోలోపల క్రుంగిపోవును. తలిదండ్రులను సన్మానించుట యనగా వారు కోరిన మనిషిగానే మారుటయా?

1 సమూయేలు 16వ అధ్యాయములో యెష్షయి తన యేడుగురు కుమారులను ప్రవక్త యెదుట నిలిపెను. కడగొట్టు దావీదు గొఱ్ఱెల యొద్దనే యుండెను. తరువాత పెద్దన్న ఏలీయాబు అతనిని అందరి యెదుట గద్దించెను. దావీదు తండ్రి మాట జవదాటలేదు; గొఱ్ఱెలను కాచెను, అన్నలకు రొట్టెలు మోసెను. సితారాను మాత్రము విడువలేదు. తన భయమును, దుఃఖమును, కోపమును సహితము దాచక దేవుని యెదుట పాటగా పోసెను. దాచిన గాయము కుళ్లును. దేవునికి విప్పి చూపిన గాయము మానును.

జర్మనీలోని హాలే పట్టణమున 1685లో పుట్టిన హాండెల్ సంగతియు ఇట్టిదే. శస్త్రవైద్యుడైన తండ్రి, కుమారుడు న్యాయవాది కావలెనని సంగీతమును వలదనెను. ఒక డ్యూకు ఆ బాలుని ఆర్గను విని నచ్చజెప్పగా పాఠములకు ఒప్పుకొనెను. తండ్రి 1697లో చనిపోయెను. 1702లో హాండెల్ విశ్వవిద్యాలయమున చేరెను గాని మరుసటి యేట సంగీతమునే చేపట్టి హాంబర్గు వెళ్లెను. అతడు 1741లో కూర్చిన ‘మెస్సయ్య’ను 1742లో డబ్లినులో మొదటిసారి పాడినప్పుడు వచ్చిన సొమ్ము, అప్పులవలన చెరలో నున్నవారి విడుదలకును ఆసుపత్రులకును పోయెను. తండ్రి వలదన్న సంగీతమే బందీలకు తలుపు తీసెను.

వరము అందరికిని జీవనోపాధి కానక్కరలేదు. పొలము దున్నుచునే పాట కట్టవచ్చును. కూలికి పోవుచునే క్రిస్మసు నాటకము వ్రాయవచ్చును. బిడ్డలారా, మీ వరమును కన్నవారిపై కోపము తీర్చుకొనుటకు వాడకుడి. ఇతరుల మేలుకు వాడుడి. తలిదండ్రులారా, పొరుగింటి బిడ్డతో పోల్చుట మాని, మీ బిడ్డ చేతిలో దేవుడేమి యుంచెనో చూడుడి. ఈ ఆదివారము సాయంకాలము వాని పాట నొకసారి కూర్చుండి వినుడి.