మన పెరటి నీరు ఎవరి గుమ్మానికి?



చందాపురలో సైటు కొని ఇల్లు కట్టుకున్న మన కుటుంబములలో పెరడు లేని ఇల్లు తక్కువ. ముప్పై నలభై సైటులో ఇల్లు పోగా మిగిలిన ఆ కాస్త నేలలోనే ఒక మునగ, ఒక కరివేపాకు, రెండు అరటి పిలకలు, గోడ మీదికి పాకించిన బీరతీగ. పల్లెలు విడిచి వచ్చినా మన చేతులు ఊరుకోవు గదా! ఆ పెరటిని గురించియే ఈసారి ఒక ప్రశ్న మీ ముందు పెట్టుచున్నాము. గాలివాన రాకముందు మన తోటను కాపాడుకొనుటకు మనము చేసే పనులలో ఏవి న్యాయమైనవి, ఏవి కావు?

2024వ సంవత్సరమునే చూడండి. ఆ మార్చిలో బెంగళూరు జలమండలి తాగునీటిని మొక్కలకు పోయరాదు, కార్లు కడుగరాదు అని ఆజ్ఞ ఇచ్చి, తప్పినవారికి 5,000 రూపాయల జరిమానా పెట్టింది. 12,000 లీటర్ల ట్యాంకరుకు, ఐదు కిలోమీటర్ల లోపల అయితే, 1,000 రూపాయలని అధికారులు ధర కట్టవలసి వచ్చింది. మూడు నెలలైనా నిండలేదు, జూన్ 2న అదే నగరములో ఒక్క రోజులో 111 మిల్లీమీటర్ల వాన కురిసింది. జూన్ నెలలో ఒక్క రోజున అంత వాన నూట ముప్పై ఏళ్లకు పైగా లేదు. వందల చెట్లు కూలినవి.

ఒక చిన్న లెక్క వేద్దాము. 1,200 చదరపు అడుగుల సైటు మీద అంత వాన పడితే వచ్చే నీరు 12,000 లీటర్లకు కొంచెము పైనే. అంటే 2024 ఎండలో వెయ్యి రూపాయలని ధర కట్టిన పెద్ద ట్యాంకరు, వానలో ఒక్క రోజున మన గేటు కిందుగా వీధిలోకి పోవుచున్నది. పోయి ఎక్కడ ఆగుతుంది? పల్లమున్న ఇంటి దగ్గర.

ఇక్కడనే అసలు సంగతి. గాలివానకు ముందు మనము చేసే జాగ్రత్తలు రెండు రకములు. కొన్ని నష్టమును తగ్గిస్తాయి. కొన్ని నష్టమును పక్కకు నెట్టుతాయి. చూడటానికి రెండూ ఒకే మాదిరి కనబడతాయి, రెంటికీ ఒకటే మేస్త్రీ వస్తాడు. అరటికి ఊతకర్ర పెట్టుట, మునగ కొమ్మలు ముందే కొట్టివేయుట (మునగంత పెళుసు చెట్టు మరొకటి లేదు), మేడ మీది తూములో ఆకులు తీసివేయుట, నారు మీద వడగళ్లు పడకుండ గోనెపట్టా కప్పుట, వీటివలన ఎవరికీ చెరుపు లేదు. పెరడంతా మట్టి పోయించి ఎత్తు చేసి, పైన సిమెంటు పూయించి, ఒక గొట్టముతో నీరంతా వీధిలోకి వదలుట మరొక రకము. మన పెరడు ఆరిపోతుంది. ఆ నీరు ఇంకలేదు, ఇల్లు మారింది, అంతే.

సిమెంటు వేయించిన వారిని తప్పు పట్టుటకు మేము వ్రాయుట లేదు. దోమలు, పాములు, చిన్న పిల్లలు జారిపడే బురద, ఇవన్నీ నిజమైన భయములే. అయినను నడిచే దారి మేరకు రాళ్లు పరచి, మిగిలిన నేలను నేలగా ఉంచితే ఆ భయము చాలావరకు తీరుతుందని మా అభిప్రాయము. ఎండాకాలములో చెట్టుకు కట్టిన పాదు గట్టును వానలకు ముందు ఒక పక్క తెంచి, మొదట్లో మట్టి ఎగదోస్తే వేరు కుళ్లదు. మేడ నీటిని మొదట సంపుకు మళ్లించాలి. మిగిలినది ఇంకుడు గుంతకు, అదియు ఇంటి పునాదికి, సెప్టిక్ ట్యాంకుకు దూరముగా. మూడడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు, నాలుగడుగుల లోతు గుంత వెయ్యి లీటర్లు పడుతుంది, రాళ్లు నింపితే సగము కూడా పట్టదు. గనుక గుంత ఒక్కటే చాలదు, సంపు కావలె.

ఇక గాలి. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో, కొత్త ఇల్లు కట్టేవాడు ఎవరూ పైనుండి పడి ఆ దోషము ఇంటిమీదికి రాకుండ కప్పు చుట్టు పిట్టగోడ కట్టాలనే ధర్మము మనకు తెలుసు. మనము పిట్టగోడ కట్టించాము. తరువాత దాని మీద తులసి, గులాబి, కలబంద కుండీలు వరుసగా పెట్టాము! తడిసిన కుండీ ఎంత బరువో ఎత్తినవారికి తెలుసు. కింద వీధిలో పాలు పోసే అబ్బాయి నడుస్తాడు. మబ్బు పట్టినప్పుడు దించుదాములే అంటాము గాని, ఏప్రిల్, మే నెలల గాలి సాయంత్రమున చెప్పకుండ వస్తుంది. ఆ కుండీలు మేడ నేల మీదనే ఉండవలసినవి. కొబ్బరి ఎండుమట్టల సంగతియు ఇంతే.

ఒక చిక్కు మిగిలియున్నది. వీధికి తారు మీద తారు వేసి రోడ్డు ఎత్తు పెంచుతారు, ఇల్లు పల్లమవుతుంది. అప్పుడు ఇంటివారు ఏమి చేయాలి? నీటిలో కూర్చోమని ఎవరు చెప్పగలరు! గడప ఎత్తు చేసుకొనుట న్యాయమే. పెరడు ఎత్తు చేయక తప్పనిదైతే, పని మొదలుపెట్టక ముందే పక్కింటివారితో చెప్పవలెను. కొందరు ఇంతటితో చాలు అంటారు, అడిగాము, వారు సరే అన్నారు అని. పక్కన ఉన్నది సొంత ఇల్లు గలవాడైతే ఆ మాట నిలుస్తుంది, అతడును ఎత్తు చేసుకోగలడు. పక్కన ఉన్నది రేకుల గదిలో అద్దెకున్న కూలి కుటుంబమైతే? వారు మన ముఖము చూచి సరే అనక ఏమంటారు? ఏమీ ఎత్తు చేసుకోలేనివారి ఒప్పుదల మనలను విడిపించదు. అటువంటి చోట నీరు మోరీ వరకు పోయే కాలువ ఖర్చు ఎత్తు చేసినవారిదే అని మేమనుకుంటాము. ఇందులో మాతో ఏకీభవించనివారు ఉంటారు, ఉండనివ్వండి.

వీధిలో చివరి ఇంటికి కూడా కింద ఒకటున్నది. చందాపుర చెరువు పాడైనందుకు 2022 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునలు కర్ణాటక ప్రభుత్వము 500 కోట్ల రూపాయలు కట్టాలని తీర్పు ఇచ్చింది. అది ముఖ్యముగా మురుగును, ఫ్యాక్టరీల వ్యర్థములను గూర్చినది, మన బీరపాదును గూర్చినది కాదు. అయినను పెద్ద వాన అని రేడియోలో చెప్పిన రోజున యూరియా చల్లితే, అది మొక్కకు అందక నీటితో కలిసి పల్లానికే పోతుంది. వాన వెలిసి, నేల కొంచెము ఆరిన తరువాత చల్లవచ్చును.